దుప్పట్లు చాలు, ఇక రిజిస్టరు పట్టండి

రాయలసీమలో ఊళ్లు ఖాళీ కావడం కొత్త కాదు. 1981లో శ్రీశైలం జలాశయానికి కర్నూలు జిల్లా పల్లెలు పోయాయి. సోమశిల వెనక జలాలకు కడప జిల్లాలో ఒంటిమిట్ట, అట్లూరు వైపు ఊళ్లు పోయాయి. మొన్నమొన్న గండికోటలో 26.85 టీఎంసీలు నింపడానికి కొండాపురం మండలంలో ఇళ్లు వదిలి జనం కట్టుబట్టలతో కాలనీలకు చేరారు. ఇవి కాక వరదలు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలు నడివీధుల్లోకి వచ్చింది. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేటలను ముంచింది.

ఇలాంటప్పుడు లయన్స్, రోటరీ, వాసవి క్లబ్బుల వాళ్లు వెంటనే కదులుతారు. ఆ మాట కాదనలేం. కానీ వెళ్లి చేసేదేమిటి? బియ్యం మూట, దుప్పటి, చీర, వెనక ఫ్లెక్సీ, ముందు ఫోటో. మరుసటి రోజు జిల్లా పేజీలో వార్త. వారం తిరిగేసరికి ఒక్కో ఇంట్లో నాలుగేసి దుప్పట్లు ఉంటాయి, కరెంటు మీటరు మాత్రం ఉండదు. నిర్వాసితుల కాలనీకి ఊళ్లోని సేవా క్లబ్బు ఇవ్వాల్సింది వస్తువులు కాదు. వారానికో పూట మనిషి, మూడేళ్లపాటు కుటుంబానికో పేజీ చొప్పున రాసే ఒకే రిజిస్టరు. ఆ రెండూ ఇవ్వలేని క్లబ్బు మొదటి వారం అన్నం పెట్టి గౌరవంగా తప్పుకుంటే మేలు.

ఇది గాల్లో మేడ కట్టడం కాదు. కెనడాలో 1979 నుంచి పౌరులే శరణార్థి కుటుంబాలను పూచీపడి తెచ్చుకునే పద్ధతి ఉంది. ఐదుగురు కలిసి ఒక జట్టుగా ఏర్పడినా చాలు. కాకపోతే కుటుంబం దిగకముందే రాతపూర్వకమైన ప్రణాళిక ఇవ్వాలి: ఇల్లెక్కడ, బడెక్కడ, డాక్టరెవరు, బస్సు ఎక్కడం ఎవరు నేర్పుతారు, డబ్బు ఎంత. బాధ్యత సాధారణంగా 12 నెలలు. అక్కడ వచ్చేవాళ్లకు భాష రాదు, చలి తెలియదు. మన వాళ్లు పది ఇరవై మైళ్ల దూరం జరుగుతారు, అదే తెలుగు, అదే ఎండ. అయినా ఆఫీసుల దగ్గర వీళ్లు దాదాపు అంతే పరాయివాళ్లు. ఆ ప్రణాళిక కాగితం మన క్లబ్బులు చూసి నేర్చుకోదగింది.

మన క్లబ్బులకు అడ్డం వచ్చేది మనసు కాదు, క్యాలెండరు. లయన్స్‌లోనైనా రోటరీలోనైనా జూలై 1న కొత్త అధ్యక్షుడు వస్తాడు. ఆయనకు తన పేరు మీద కొత్త ప్రాజెక్టు కావాలి. పాత అధ్యక్షుడు మొదలుపెట్టిన కాలనీ పని ఆయన ఖాతాలో పడదు. నవంబరులో వరద వస్తే క్లబ్బు ఉత్సాహం జూన్‌కల్లా అయిపోతుంది. కానీ కాలనీలో అసలు చిక్కులు మొదలయ్యేది అప్పుడే: పరిహారం పడ్డాక, ఇల్లు సగం లేచాక, బడి తెరిచాక. అందుకని మొదటి సమావేశంలోనే అధ్యక్షుడితో సంబంధం లేని ముగ్గురిని మూడేళ్లకు కమిటీగా తీర్మానం చేసి మినిట్స్‌లో రాయించాలి. 40 మంది సభ్యులుంటే 20 జంటలు. జంటకు మూడు కుటుంబాలు, మొత్తం 60. ప్రతి జంటలో ఒక ఆడమనిషి తప్పనిసరి, లేకపోతే సగం సంగతులు బయటికి రావు. మొదటి మూడు నెలలు వారానికోసారి, తర్వాత పక్షానికోసారి, రెండో ఏటి నుంచి నెలకోసారి వెళ్లాలి. అంతకంటే పెద్ద కాలనీని ఒక్క క్లబ్బే నెత్తికెత్తుకోకూడదు.

కుటుంబానికో పేజీ

రిజిస్టరు ఎలా ఉండాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ సగం పని అక్కడే తేలిపోతుంది. చాలామంది రేషన్ కార్డుకో పేజీ తెరుస్తారు. అది తప్పు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన ప్రతి మనిషి, ఆడైనా మగైనా, పెళ్లయినా కాకపోయినా, విడి కుటుంబమే. వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్లు, ఇంటివాళ్లు వదిలేసిన ఆడవాళ్లు కూడా విడి కుటుంబాలే. రేషన్ కార్డులో ఆరుగురు ఉన్నారంటే చట్టం లెక్కన అందులో మూడు కుటుంబాలు ఉండొచ్చు. "కార్డు ఒకటే కదమ్మా" అని గుమాస్తా అంటే ఇంటాయన తలూపి వచ్చేస్తాడు. అక్కడ పక్కన ఒకరు చట్టం కాపీ పట్టుకుని నిలబడితే సంగతి వేరు.

సొంత భూమి లేనివాళ్ల పేజీ ఇంకా జాగ్రత్తగా రాయాలి. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ఊళ్లో కౌలు చేస్తున్నవాళ్లు, కూలికి పోతున్నవాళ్లు, చేతివృత్తుల వాళ్లు బతుకుతెరువు దెబ్బతింటే బాధిత కుటుంబాల కిందికే వస్తారు. వాళ్ల దగ్గర పట్టా ఉండదు. కౌలు కార్డు, జాబ్ కార్డు, పాత కరెంటు బిల్లు, పిల్లల బడి రికార్డు, ఇవే సాక్ష్యాలు. ఊరు మునిగాక ఇవి దొరకవు. అందుకే ఖాళీ చేయించే నోటీసు వచ్చిన రోజే క్లబ్బు ప్రింటరు పట్టుకుని ఊళ్లోకి పోవాలి. మునిగాక పోతే దుప్పట్లు పంచడమే మిగులుతుంది.

వయసు దగ్గర గొడవలు ఎక్కువ. అర్హత లెక్కించే కటాఫ్ తేదీకి పిల్లవాడికి 18 నిండాయా లేదా అన్నదాని మీద లక్షలు ఆధారపడతాయి. మన పల్లెల్లో ఆధార్‌లో జనవరి 1 పుట్టినవాళ్లు ఎందరో. అసలు తేదీ తెలియక నమోదు చేసేవాళ్లు వేసిన తేదీ అది. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. పదో తరగతి మార్కుల జాబితా ఉంటే అది జత చేయాలి, చదవనివాళ్లకు ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు నకలు తీయించాలి. ఆ బడే మునిగే ఊళ్లో ఉంటే రిజిస్టరు ఏ బడికి, ఏ మండల కార్యాలయానికి తరలిందో ముందే కనుక్కుని పేజీలో రాసుకోవాలి.

పేర్లు ఎలా దెబ్బతీస్తాయో ఒక ఉదాహరణ చూడండి. ఆధార్‌లో "జి నాగమ్మ". బ్యాంకు పుస్తకంలో "గంగిరెడ్డి నాగమ్మ". అవార్డు (పరిహారం ఖరారు చేసే కలెక్టరు ఉత్తర్వు) జాబితాలో "నాగమ్మ, భర్త ఓబుల్‌రెడ్డి". రేషన్ కార్డులో "నాగమ్మా", దీర్ఘం ఒకటి ఎక్కువ. ఊళ్లో ఈ నలుగురూ ఒకటేనని అందరికీ తెలుసు. కంప్యూటరుకు తెలియదు. సొమ్ము వెనక్కి పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. ఇంటిపేరు పూర్తిగా ఉన్న పత్రాన్ని మూలంగా పెట్టుకుని మిగతావి దానికి సరిచేయాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. ఆ అవకాశాన్ని తొందరపడి పాడుచేయకూడదు. ముందు నాలుగు పత్రాలు పక్కపక్కన పెట్టి, ఏది మారాలో ఎర్ర సిరాతో రాసి, ఆ తర్వాతే ఆధార్ కేంద్రానికి తీసుకుపోవాలి.

డబ్బు పడే రోజు

చట్టం రెండో షెడ్యూలులో కనీస హక్కులు ఉన్నాయి. ఇల్లు, ఉద్యోగం లేదా ఒకేసారి 5 లక్షలు లేదా 20 ఏళ్లపాటు నెలకు 2 వేలకు తగ్గని మొత్తం, ఏడాదిపాటు నెలకు 3 వేల జీవన భృతి, రవాణాకు 50 వేలు, పునరావాస భత్యం మరో 50 వేలు, పశువుల కొట్టానికో చిన్న అంగడికో కనీసం 25 వేలు. ప్రాజెక్టును బట్టి ప్రభుత్వ ఉత్తర్వుల్లో మొత్తాలు పెరగొచ్చు. కాబట్టి తమకు వర్తించే జీవో ఏదో అడిగి కాపీ తీసుకోవడం క్లబ్బు మొదటి పని. సాగునీటి ప్రాజెక్టు అయితే ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని కూడా చట్టంలో ఉంది. ఆ సెక్షను 38.

పరిహారం తక్కువ అనిపిస్తే కలెక్టరుకు రాతపూర్వకంగా అడగాలి. అవార్డు ఇచ్చేటప్పుడు ఎదుట ఉన్నవాళ్లకు ఆరు వారాలే గడువు. మిగతావాళ్లకు నోటీసు అందిన ఆరు వారాలు, లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది. అంతకంటే పెద్ద గుంట ఇంకోటుంది: సొమ్ము తీసుకునేటప్పుడు అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాయకపోతే తర్వాత అడిగే హక్కే పోతుంది. ఆ ఒక్క వాక్యం తెలియక నోరు మూసుకోవాల్సి వచ్చిన ఇళ్లు ఎన్నో. రశీదు మీద సంతకం పెట్టే రోజున క్లబ్బు నుంచి ఒక న్యాయవాది కాలనీలో కుర్చీ వేసుకుని కూర్చుంటే వెయ్యి చీరలు పంచినదానికంటే పెద్ద పని చేసినట్టు. ఏ క్లబ్బులోనైనా ఇద్దరు ముగ్గురు లాయర్లు ఉంటారు కదా, వాళ్లను స్టేజీ మీద కాకుండా ఇక్కడ కూర్చోబెట్టండి.

తర్వాత బ్యాంకు. పూర్తి పత్రాలు లేకుండా తెరిచిన చిన్న ఖాతాకు హద్దులుంటాయి: నిల్వ 50 వేలు, ఏడాదిలో జమలు లక్ష, నెలలో తీసేది 10 వేలు. అలాంటి ఖాతా నంబరు పరిహారానికి ఇస్తే సొమ్ము ఇరుక్కుంటుంది. ముందే కేవైసీ పూర్తి చేయించాలి. కడప కేంద్రంగా ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పాత పాస్‌బుక్కు చూసి ఐఎఫ్ఎస్‌సీ కోడు రాసిన దరఖాస్తులను మరోసారి సరిచూడాలి. ఇక ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షల వరకే డిపాజిట్ బీమా. పది లక్షలు వచ్చే ఇంటికి భార్య పేరున ఒక బ్యాంకులో, భర్త పేరున మరో బ్యాంకులో వేయమని చెప్పడం తేలిక, వాళ్లూ వింటారు.

వినంది వేరే ఉంది. డబ్బు పడిన వారంలోనే బండ్ల షోరూము ఏజెంట్లు, చీటీల వాళ్లు, ఎకరా చూపిస్తామనే బ్రోకర్లు కాలనీ మొదట్లో కాపు కాస్తారు. వేలిముద్ర యంత్రం పట్టుకుని "ఆధార్ లింకు చేస్తాం పెద్దాయనా" అంటూ వచ్చేవాడు అందరికంటే ప్రమాదం. వేలిముద్రతో డబ్బు తీసే వీలుంది కాబట్టి సొమ్ము పడకముందే వయసొచ్చిన ప్రతి మనిషి ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేయించాలి, పింఛనుకో రేషనుకో కావలసినప్పుడు తెరవడం నేర్పాలి. నేర్పకుండా తాళం మాత్రమే వేస్తే ఒకటో తారీఖున పింఛను ఆగి మన మీదికే వస్తారు. అది న్యాయమే. ఇంకోమాట: నిర్వాసితుల ఆధార్ కార్డులు ఫోటోలు తీసి క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పెట్టడం వెంటనే మానేయాలి.

పాత ఊరు వదలదు

మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చినప్పటి నుంచి పథకాలన్నిటికీ కుటుంబం ఏ సచివాలయం కింద మ్యాపింగ్ అయిందన్నదే మూలం. మనుషులు కాలనీకి వచ్చినా మ్యాపింగ్ మునిగిన ఊళ్లోనే ఉండిపోతుంది. పింఛను అక్కడ ఇస్తారు, తల్లికి వందనం దరఖాస్తు ఇక్కడ తీసుకోరు. కొత్త సచివాలయం డిజిటల్ అసిస్టెంటు దగ్గరికి ఒక్కొక్కరుగా పోతే రోజు కూలి పోతుంది, పని కాదు. వీధి వారీగా పదిహేను ఇళ్ల పత్రాలు ఒకే కట్టగా, పైన జాబితాతో, తహసీల్దారు ఇచ్చిన ఇంటి కేటాయింపు పత్రం జతచేసి ఇస్తే వాళ్లకూ సులువు, మనకూ రశీదు వస్తుంది. రశీదు లేని దరఖాస్తును ఇచ్చినట్టే లెక్కించకండి.

ఇంకా సూక్ష్మమైన తిరకాసు ఉంది. పథకాల అర్హతకు మెట్ట భూమి పది ఎకరాలు, కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు లాంటి హద్దులు చూస్తారు. నీళ్ల కింద ఉన్న పొలం రికార్డులో ఇంకా పేరు మీదే ఉండొచ్చు. పాత ఇంటి మీటరు ఆధార్‌కు అంటుకునే ఉండొచ్చు. చేను లేదు, ఇల్లు లేదు, కానీ కంప్యూటరు లెక్కన ఆసామి. పాత సర్వీసు నంబరు రద్దు చేయించి చివరి బిల్లు రశీదు దాచడం, అడంగల్, వన్‌బీ అనే భూమి రికార్డుల్లో పేరు తొలగిందో లేదో ఆరు నెలలకోసారి చూడడం రిజిస్టరులో ప్రత్యేక గడులుగా ఉండాలి.

పిల్లల బడి సంగతి తేలిగ్గానే తెమలొచ్చు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్లో ఉంది. చిక్కల్లా యూడైస్‌లో, అంటే బడిపిల్లల ఆన్‌లైన్ రికార్డులో. పాత బడి హెడ్మాస్టరు తన లాగిన్ నుంచి పిల్లవాడిని డ్రాప్ బాక్సులోకి వదిలితేనే కొత్త బడి తీసుకోగలుగుతుంది. పాత బడి మూతపడితే ఎంఈవో ఆఫీసుకు పోవాలి.

నీళ్లు, ఇల్లు, శ్మశానం

గ్రామీణ తాగునీటి లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. వంద ఇళ్ల కాలనీకి ఇంటికి నలుగురు చొప్పున 22 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు నాలుగు చాలవు, ఐదోది సగమైనా కావాలి. ట్యాంకరు నీళ్లకు బ్లీచింగ్ వేసేటప్పుడు చేత్తో చల్లడం పనికిరాదు. మంచి పొడి అయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటే ట్యాంకరుకు పన్నెండు పదమూడు గ్రాములు. కొద్ది నీళ్లలో కలిపి, సుద్ద అడుగుకు దిగాక పైతేట మాత్రం పోసి అరగంట ఆగాలి. మూతి తెరిచిపెట్టిన బస్తాలో క్లోరిన్ ఎగిరిపోతుంది కాబట్టి అంతే పొడి వేసినా పురుగు చావదు. కొత్త బోరు వేస్తే ఫ్లోరైడు పరీక్ష చేయించకుండా తాగనివ్వొద్దు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు, మన రాయలసీమలో ఆ బెడద ఉంది.

నీళ్లు లేకపోతే ఇల్లూ నిలవదు. అందరూ ఒకేసారి పునాదులు తీస్తారు, మేస్త్రీల కూలి పెరుగుతుంది, క్యూరింగ్‌కు నీళ్లు చాలవు, రెండో వేసవికి గోడలు బీటలిస్తాయి. కొండాపురం, జమ్మలమడుగు వైపు నల్లరేగడి అయితే మరీ. ఎండకు కుంచించుకుని వానకు ఉబ్బే నేల అది. గట్టి పొర తగిలేదాకా తవ్వి, పునాది మీద చుట్టూ బెల్టు కాంక్రీటు వేయాల్సిందే. ఐదొందల చదరపు అడుగుల ఇంటికి సిమెంటు సుమారు 200 బస్తాలు. వంద ఇళ్లకు కలిపి కొంటే ధర తగ్గుతుందని క్లబ్బు వ్యాపారులు ఉబలాటపడతారు. తగ్గే మాట నిజమే, కానీ మూడు నెలలు నిల్వ ఉంటే సిమెంటు బలం అయిదో వంతు దాకా పడిపోతుంది. బేరం మొత్తానికి కుదుర్చుకుని సరుకు మాత్రం దఫాలుగా దింపించాలి. మేస్త్రీకి డబ్బు కూడా అంతే: పునాది, లింటెల్, స్లాబు, పూత, నాలుగు దఫాలు.

స్థలాలు లాటరీలో ఇస్తారు. అది నిష్పక్షపాతమే, కానీ ముసలమ్మకు రోజూ నీళ్లు తెచ్చిపెట్టే పక్కింటి పిల్ల మూడు వీధుల అవతల పడుతుంది. పాత ఊళ్లో ఇరుగుపొరుగుగా ఉన్న ఐదారు ఇళ్లకు ఒకే చీటీ వేయమని లాటరీకి ముందే తహసీల్దారును అడగొచ్చు. కులాల వారీగా వీధులు మళ్లీ విడదీయాలని కొందరు పెద్దమనుషులు ఒత్తిడి తెస్తారు, దానికి మాత్రం క్లబ్బు మధ్యవర్తిగా నిలబడకూడదు. గడ్డివాములకు, పశువులకు ఊరిబయట ఉమ్మడి స్థలం కావాలి. మూడు సెంట్లలో ఇల్లూ వామీ రెండూ పెడితే ఒక్క నిప్పురవ్వ వీధిని తినేస్తుంది.

శ్మశానం గురించి ఎవరూ ముందుగా మాట్లాడరు, అశుభమని. కాలనీలో మొదటి చావు వచ్చిన రోజు శవాన్ని ఎక్కడికి మోయాలో తెలియదు. పక్క ఊరివాళ్లు మా శ్మశానంలో కుదరదంటారు. ఆ రోజు పుట్టిన పగ పదేళ్లు నడుస్తుంది. చట్టం మూడో షెడ్యూలులో శ్మశాన స్థలం, పచ్చిక బయలు, రేషన్ షాపు, అంగన్‌వాడీ, రెండు కిలోమీటర్ల లోపు ఆరోగ్య ఉపకేంద్రం, యాభై కుటుంబాలకో ప్రార్థనా స్థలం అన్నీ ఉన్నాయి. కాగితంలో ఉన్న స్థలాన్ని సర్వేయరుతో కొలిపించి నాలుగు మూలలా రాళ్లు పాతించడం మొదటి నెల పని. పక్క ఊరి పెద్దలను పిలిచి, వాళ్ల ఊరి ట్యాంకుకో బడి ప్రహరీకో క్లబ్బు డబ్బులో కొంత పెట్టడం కూడా ఇందులో భాగమే. సాయమంతా కొత్తవాళ్లకే పోతుంటే పాతవాళ్ల కడుపు మండదా?

"ఇదంతా ప్రభుత్వం చేయాల్సింది, మాకెందుకు?" అనే సభ్యులు ప్రతి క్లబ్బులో ఉంటారు. మాట నిజమే. చేయాల్సింది ప్రభుత్వమే, డబ్బు ఇచ్చేదీ ప్రభుత్వమే. ఆ డబ్బు నాగమ్మ ఖాతాలో పడేలా నాలుగు కాగితాలు కలపడం క్లబ్బు పని. "రాజకీయం అంటుకుంటుంది" అనేవాళ్లూ ఉంటారు. అంటుకుంటుంది. అందుకే ఏ నాయకుడి చేతుల మీదుగానూ ఏమీ పంచొద్దు, ఫ్లెక్సీ కట్టొద్దు, దరఖాస్తుల మీద క్లబ్బు పేరు రాయొద్దు.

వస్తువు ఏదో ఒకటి ఇవ్వకపోతే మనసొప్పదంటే ఇవి ఇవ్వండి: ఇంటికి పన్నెండు అరల ప్లాస్టిక్ ఫైలు, మనిషికి ఎనిమిది పాస్‌పోర్టు ఫోటోలు, కాలనీకో ప్రింటరు, ఇల్లు లేచేదాకా పన్నెండుకు పదిహేను అడుగుల టార్పాలిన్, మండల కేంద్రానికి వారానికి రెండు రోజులు ఆటో బాడుగ. పాత బట్టలు వద్దు.

జూన్ ఆఖరు వారంలో పాత అధ్యక్షుడు, రాబోయే అధ్యక్షుడు, ముగ్గురు కమిటీ సభ్యులు కాలనీలోనే కూర్చుని రిజిస్టరు ఒక్కో పేజీ తిప్పాలి. తీరని గడికి ఎదురుగా ఎవరు, ఏ ఆఫీసుకు, ఏ తేదీలోపు అని రాసి ఇద్దరు అధ్యక్షులూ సంతకం పెట్టాలి. మూడో జూన్‌లో ఆ రిజిస్టరు కాలనీ పొదుపు సంఘం ఆడవాళ్ల చేతికి పోతుంది, రశీదుల కట్టలతో సహా. నకలు క్లబ్బు ఆఫీసు బీరువాలో ఉంచుకోండి; పరిహారం కేసుల వాయిదాలు అప్పటికీ నడుస్తూ ఉంటాయి.